ఇంత బట్ట ఎవరు ఉతికారు?

2019 నవంబరులో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం చూశాను. ఒక సదస్సులో పత్రం చదవడానికి వెళ్ళి, తిరుగు ప్రయాణానికి ముందు మిగిలిన ఒక్కరోజూ దానికే ఇచ్చాను. అలంకరణ కళలకూ డిజైన్‌కూ ప్రపంచంలో ఇంత పెద్ద మ్యూజియం ఇంకోటి లేదంటారు. టికెట్ లేదు. పొద్దున వెళ్ళినదాన్ని, సాయంత్రం మూసేవేళకి కాళ్ళు పీకుతున్నాయి గానీ సగం కూడా చూడలేదు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక దోచుకొచ్చిన టిప్పు సుల్తాన్ పులిబొమ్మను చూశాను. రంజిత్ సింగ్ బంగారు సింహాసనం చూశాను. షాజహాన్ తెల్ల జేడ్ రాతి మద్యపాత్ర చూశాను. ఎవరైనా వెళ్తే చూసి రావలసినవన్నీ చూశాను. అవన్నీ వదిలేసి ఇప్పుడు ఒక దుప్పటి గురించి, ఆ దుప్పటి ముందు నిలబడి ఒకావిడ అడిగిన ప్రశ్న గురించి రాయాలని కూర్చున్నాను.

దక్షిణాసియా గదిలో, మసక వెలుతురులో, అద్దం వెనక వేలాడుతోంది ఆ బట్ట. మనిషి నిలువుకన్నా ఎత్తు. కింద రాళ్ళ గుట్ట, అందులోంచి వంకర్లు తిరుగుతూ లేచిన చెట్టు, కొమ్మకో రకం పువ్వు. ఈ భూమ్మీద ఏ చెట్టుకీ పూయని పూలు. ఎరుపు ఇంకా ఎరుపుగానే ఉంది. పక్కన చిన్న అట్ట మీద నాలుగు ముక్కలు: నూలు బట్ట, చేత్తో గీసి రంగులద్దినది, కోరమాండల్ తీరం, పద్దెనిమిదో శతాబ్దం. ఆ కింద దాన్ని మ్యూజియానికి ఇచ్చిన దాత పేరు.

ఐరోపా వాళ్ళు వీటిని పలంపోర్‌లు అన్నారు. పలంగ్‌పోష్, అంటే మంచం మీది దుప్పటి అన్న మాట నుంచి వచ్చిందది. కోరమాండల్ తీరం మనకి దూరమేం కాదు. బందరు, నిజాంపట్నం, పాలకొల్లు, కిందికి పులికాట్, నాగపట్నం.

పక్కనే తెలుగు వినిపించింది. అరవై దాటిన దంపతులు. కొడుకు దగ్గరికి వచ్చారట. ఆయన గొంతు కాస్త పెద్దది. "చూశావా? మనదే! మన కళంతా దొంగ వెధవలు ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టుకున్నారు" అంటున్నాడు. ఆవిడ స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఎవరితో అన్నట్టూ కాకుండా అంది: "ఇంత బట్ట ఎవరు ఉతికారో."

ఆయన నవ్వాడు. "నీకు ఎక్కడికొచ్చినా ఉతుకుడు గోలే."

నేనే కల్పించుకుని పలకరించాను. "మీదేవూరు పిన్నిగారూ?"

"మాది బందరు పక్కనమ్మాయ్. మా నాన్న అద్దకం పనిలో ఉండేవాడు. పెళ్ళి కాకముందు మేం ఆడపిల్లలం కాలవ దగ్గర బట్టలు తడిపి ఎండేసేవాళ్ళం. తడిసిన బట్ట ఎంత బరువుంటదో మోసినోళ్ళకి తెలుస్తది."

"ఇప్పుడవన్నీ ఎందుకులే" అన్నాడు ఆయన. ఆవిడ ఊరుకుంది. ఇద్దరూ పక్క గదిలోకి వెళ్ళిపోయారు. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. ఎందుకంటే ఆ గదిలో ఆ బట్ట గురించి సరైన ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే. సాహిత్యంలో డాక్టరేటు చేసిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు.

అది ఎందుకు సరైన ప్రశ్నో చెప్తాను. ఈ బట్ట తయారయ్యే పద్ధతి చాలామందికి తెలియదు. కలం పట్టి బొమ్మ గీస్తే అయిపోతుందనుకుంటాం. ముందు గుడ్డను పేడ నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరవేసి తెల్లబరచాలి. కరక్కాయ రసంలో, గేదె పాలలో ముంచి ఆరబెట్టాలి. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన కసిమితో నల్లగీతలు గీయాలి. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూయాలి. పటిక నీళ్ళకి తనదంటూ రంగు లేదు. అప్పుడు పారే నీళ్ళలో ఉతికి, చిరివేరుతో కలిపి ఉడకబెడితే పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. మిగతా గుడ్డంతా పట్టిన మురికి ఎరుపు పోవడానికి మళ్ళీ పేడ నీళ్ళు, మళ్ళీ ఉతుకు, మళ్ళీ ఎండ, ఆరకుండా నీళ్ళు చల్లుతూ ఉండాలి. నీలం కోసం మిగతా భాగమంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టెలో ముంచాలి. ఆ మైనం వదలడానికి వేడినీళ్ళు, ఆ తర్వాత మళ్ళీ ఉతుకు.

అంటే ఈ బట్టలో కలం పని ఒక వంతైతే నీళ్ళ పని నాలుగు వంతులు. ఎరుపు పుట్టేది కలంలో కాదు, నీళ్ళలో. మనం మాత్రం మూడు వందల ఏళ్ళుగా కలాన్నే తలుచుకుంటున్నాం. కలంకారీ అని పేరు పెట్టి కలానికే పట్టం కట్టాం. గీసేది కళ, ఉతికేది చాకిరీ. ఈ విభజన ఎవరు చేశారు? ఉతకడమనే పనిని ఏ కులానికి, ఇంట్లో ఎవరి చేతులకి అప్పగించామో మనకి తెలుసు గనక ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కోవాల్సిన పని లేదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పుకోవాలి. నా పరిశోధన అంశం ప్రబంధాల్లో వస్త్ర వర్ణన. నాలుగేళ్ళ పాటు నాయికలు కట్టిన చీరల పేర్లు ఏరాను. అంతకు ముందరి కాలానికి వెళ్ళి, పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో గుక్కతిప్పుకోకుండా చెప్పే వస్త్రాల జాబితాకి అకారాది సూచిక తయారుచేశాను. ఏ చీర ఏ రసానికి పోషకమో, ఏ రంగు ఏ నాయికకి తగినదో అధ్యాయాలు అధ్యాయాలు రాశాను. సుమారు మూడు వందల పేజీల ఆ గ్రంథంలో ఆ నూలు ఎవరు వడికారు అన్న ప్రశ్న ఒక్కసారి కూడా లేదు. మౌఖిక పరీక్షలో కూర్చున్న ముగ్గురు పెద్దలూ అడగలేదు. ఆ మ్యూజియం అట్ట ముక్కని వెక్కిరించే ముందు నేనే ఒక పెద్ద అట్ట ముక్క రాసి పట్టా పుచ్చుకున్నదాన్నని ఒప్పుకోవాలి.

అట్ట ముక్కలది ఒక సాహిత్య ప్రక్రియ. కథకీ కవితకీ ఉన్నట్టే దానికీ నియమాలున్నాయి. వస్తువు సేకరించిన వాడికి పేరుంటుంది. వాడుకున్న రాజుకి పేరుంటుంది. దానం చేసిన దొరసానికీ పేరుంటుంది. తయారుచేసిన వాళ్ళకి మాత్రం ఊరుంటుంది, లేదంటే తీరం ఉంటుంది. "చేయబడినది" అని ఒక కర్మణి వాక్యం రాస్తే కర్త అక్కర్లేకుండా పోతుంది. వ్యాకరణంలో కర్తని లోపింపజేయడం ఎంత సులువో చరిత్రలోనూ అంతే సులువు.

"ఏం చేస్తారు మరి, పేర్లు దొరకవు కదా" అంటారు. ఈ మాట నాతో చాలామంది అన్నారు. నిజంగా ఎవరూ చూడలేదా? చూశారు. ఎంతో శ్రద్ధగా చూశారు. డచ్చి కంపెనీ ఉద్యోగి డేనియల్ హావర్ట్ 1693లో అచ్చయిన తన పుస్తకంలో పాలకొల్లు అద్దకం పనివాళ్ళ ఓపికని తెగ మెచ్చుకున్నాడు. తెలుగు కూడా నేర్చిన ఫ్రెంచి జెస్యూట్ ఫాదర్ కెర్దూ 1742లో ఈ అద్దకం పద్ధతినంతా మెట్టు మెట్టుగా రాసి ఫ్రాన్సుకి ఉత్తరం పంపాడు. తన దగ్గర మతం పుచ్చుకున్న పనివాళ్ళని అడిగి తెలుసుకున్నానన్నాడు. కరక్కాయలు ఎలా నూరాలో, పాలు ఎంత పోయాలో అన్నీ ఉన్నాయి. పాలకి కొలత దొరికింది గానీ మనిషికి పేరు దొరకలేదు. పేర్లు పోలేదు, ఎవరికీ అవసరం లేక రాసుకోలేదు. పోవడానికీ రాసుకోకపోవడానికీ తేడా ఉంది. ఆ తేడాని దాచడమే అట్ట ముక్క పని.

ఈ మ్యూజియం ఎందుకు పుట్టిందో చూస్తే ఇదంతా పొరపాటు కాదని తెలుస్తుంది. 1851లో లండన్‌లో మహా ప్రదర్శన జరిగింది. దాని తర్వాత 1852లో మాన్యుఫాక్చర్స్ మ్యూజియం అన్న పేరుతో ఇది మొదలైంది. తయారీ వస్తువుల మ్యూజియం అన్నమాట. 1857లో సౌత్ కెన్సింగ్టన్‌కి మారింది, 1899లో రాణీగారి పేరూ ఆవిడ భర్త పేరూ పెట్టుకుంది. బ్రిటిష్ పనివాళ్ళకీ కొనుగోలుదారులకీ అభిరుచి నేర్పడం దాని లక్ష్యం. 1879లో ఈస్టిండియా కంపెనీ కూడబెట్టిన ఇండియా మ్యూజియం సరుకు కూడా చాలావరకు ఇక్కడికే చేరింది.

ఆ ఇండియా మ్యూజియంలో పనిచేసిన జాన్ ఫోర్బ్స్ వాట్సన్ 1866లో ఒక విచిత్రమైన పుస్తకం తయారుచేశాడు. 18 సంపుటాలు. అందులో రాత దాదాపు లేదు. ఉన్నవి 700 బట్ట ముక్కలు. ఇండియా నుంచి తెప్పించిన చీరలు, తలపాగాలు, రుమాళ్ళు, రవికె గుడ్డలు కత్తిరించి కాగితాల మీద అంటించారు. అలాంటివి 20 ప్రతులు చేశారు. 13 బ్రిటన్‌కి, 7 ఇండియాకి. భారతదేశంలో మామూలు జనం ఏం కడతారో, ఎంత పొడుగు, ఎంత వెడల్పు, అంచు ఎలా ఉండాలి, కొంగు ఎలా ఉండాలి, ఇవన్నీ మిల్లు యజమానులకి తెలిస్తే అవే అక్కడ నేసి మనకి అమ్మొచ్చు. అందుకే ఆ పని.

ఆ సంపుటాల్ని మెచ్చుకుంటూ రాసిన వ్యాసాలు నేను చాలా చదివాను. ఎంత అందమైన నమూనాలో, రంగులు ఎంత చెక్కుచెదరకుండా ఉన్నాయో అంటూ రాస్తారు. నాకు మాత్రం కత్తెర శబ్దం వినిపిస్తుంది. చీర కుట్టు లేని బట్ట. ఎవరు కడితే వాళ్ళ ఒంటి తీరుకి ఒదుగుతుంది. దాన్ని ముక్కలు చేసి కొలతలు రాసుకున్నారంటే ఆడవాళ్ళ ఒంటిని అంగడి లెక్కలోకి తెచ్చుకున్నారన్నమాటే. మనం కట్టుకునేది తెలుసుకున్నది మనల్ని తెలుసుకోవడానికి కాదు.

ఇక్కడితో ఆగితే ఇది తెల్లవాళ్ళూ మనమూ అన్న పాత కథ అవుతుంది. అది అంత సులువుగా తేలదు. 1719 వేసవిలో లండన్ వీధుల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఇండియా నుంచి వచ్చిన అద్దకం బట్టల వల్ల పట్టు, ఉన్ని నేతగాళ్ళకి పని పోయింది. 1701 నుంచే దిగుమతి మీద నిషేధం ఉన్నా వాడకం ఆగలేదు. స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు గుంపులుగా తిరిగి, అద్దకం గౌను కనిపిస్తే చాలు, ఆ స్త్రీ ఒంటి మీదే దాన్ని చింపేశారు. సిరా పోశారు, కొందరి మీద ఆమ్లం చల్లారు. కంపెనీ గోదాముల మీదికి వెళ్ళినవాళ్ళని సైనికులు చెదరగొట్టారు. వీధిలో నడిచే ఆడదాన్ని పట్టుకోవడానికి సైనికులు అడ్డం రారు కదా. 1721లో పార్లమెంటు ఆ బట్టలు కట్టడాన్నే నిషేధించింది. ఆ చట్టం 1774 దాకా నడిచింది. ఆ నేతగాళ్ళూ పేదవాళ్ళే, వాళ్ళ ఆకలీ నిజమే. కానీ ఆకలి కోపం కంపెనీ డైరెక్టర్లని వదిలి పనిమనిషి గౌను మీద పడింది. వ్యాపారం చేసింది మగవాళ్ళు, చట్టం చేసింది మగవాళ్ళు, శిక్ష మాత్రం ఆడదాని ఒంటి మీద అమలైంది. బందరు బట్ట కట్టినందుకు లండన్‌లో ఒక స్త్రీ ఒళ్ళు కాలింది. ఇది ఏ అట్ట మీద ఉంది?

అదే మ్యూజియంలో బ్రిటిష్ గదుల్లో ఇంకో మంచం ఉంది. నటుడు డేవిడ్ గారిక్ ఇంట్లోది. పేరుమోసిన వడ్రంగి చిప్పెన్‌డేల్ కార్ఖానాలో చేసింది. ఆ మంచానికి తెరల కోసం కలకత్తా నుంచి గారిక్ భార్యకి కానుకగా కోరమాండల్ అద్దకం బట్ట వచ్చింది. దిగుమతి నిషేధం కింద 1775లో కస్టమ్స్ వాళ్ళు దాన్ని పట్టుకున్నారు. తన భార్య కన్నీరు మున్నీరవుతోందని గారిక్ అధికారికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఈనాటికీ ప్రసిద్ధం. కర్ర పని చేసినవాడి పేరుంది, నటుడి పేరుంది, ఆవిడ కన్నీళ్ళకి కూడా చరిత్ర ఉంది. బట్టకి మాత్రం తీరమే ఉంది. స్త్రీవాదం పేరుతో మనం మిసెస్ గారిక్ కన్నీళ్ళ దగ్గరే ఆగిపోతామా, ఇంకో అడుగు ముందుకి వేసి కాలవ గట్టు దాకా వస్తామా అన్నదే అసలు ప్రశ్న.

కాలవకి ముందు రాట్నం ఉంది. ఒక మగ్గం ఆడాలంటే ఎందరో స్త్రీలు వడకాలి. మిల్లులు రాకముందు ప్రపంచంలో చాలాచోట్ల, మన దగ్గర కూడా, నూలు వడకడం ప్రధానంగా ఆడవాళ్ళ పని. పెళ్ళైనవాళ్ళు, వితంతువులు, ముసలివాళ్ళు, ఇంటి పని తెమిలాక కూర్చుని వడికినవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దంలో లాంకషైర్ మిల్లు నూలు వచ్చి ముందు పడగొట్టింది వీళ్ళనే. నేతగాళ్ళు మిల్లు నూలు కొనుక్కుని ఇంకొన్నాళ్ళు నిలబడ్డారు. మన చరిత్ర పుస్తకాల్లో నేతగాడి పతనం ఒక విషాద గాథ. వడికేదాని పతనం అందులో ఒక అరవాక్యం.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆ పని ఇంకా మిగిలింది. అక్కడి ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో సన్నటి నూలు తీస్తారు. ఆ ఖద్దరు కట్టిన నాయకుల పేర్లు మనకి నోటికొచ్చు. దువ్విన ఒక్క మనిషి పేరు చెప్పమంటే నాకు రాలేదు. మీకు వస్తుందా?

మా అమ్మమ్మది చీరాల. తాతయ్య నేత నేసేవాడు. అమ్మమ్మ ఆసు పోసేది, కండెలు చుట్టేది, గంజి కాచేది, తెగిన పోగులు అతికేది. రాత్రి దీపం దగ్గర రాట్నం తిప్పుతూ నిద్రలోకి జారితే ఇరుగమ్మలు తట్టి లేపేవారట. రేషన్ కార్డులో తాతయ్య ముందు "నేత" అనీ అమ్మమ్మ ముందు "గృహిణి" అనీ ఉండేది. సహకార సంఘంలో సభ్యత్వం తాతయ్యకే. ఆవిడని అడిగితే ఆవిడే చెప్పేది, "నేనేం చేశానే, మీ తాతయ్యకి సాయం చేసేదాన్ని" అని. పదహారు గంటల పనికి సాయం అన్న పేరు పెట్టడం ఆవిడకి ఎవరు నేర్పారు? 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్ళు 35 లక్షల పైచిలుకు, వాళ్ళలో 70 శాతానికి మించి స్త్రీలు. ఇప్పటికీ మన భాషలో నేతన్నే ఉన్నాడు. నేతక్క అన్న మాట మీరు ఏ పత్రికా శీర్షికలో చదివారు?

ఇక ఆ మ్యూజియం గురించి వాడే "అలంకరణ కళలు" అన్న మాట. చిత్రలేఖనం, శిల్పం లలితకళలు. బట్ట, కుండ, లేసు, ఎంబ్రాయిడరీ అలంకరణ. మొదటి వాటికి కళాకారుడు ఉంటాడు, రెండో వాటికి పనితనం ఉంటుంది. ఈ గీత ఎక్కడ గీశారో జాగ్రత్తగా చూస్తే దానికి అవతల ఆడవాళ్ళూ, నల్లవాళ్ళూ, చేతివృత్తుల వాళ్ళూ ఉంటారు. మనకీ ఈ గీత కొత్త కాదు. మన అలంకారశాస్త్రంలో అలంకారం కావ్యానికి శోభ. మగవాడి చేతిలో పడితే అది శాస్త్రం, ఆడదాని చేతిలో పడితే సింగారం. ముగ్గు, బొంత, ఊయల పాట, ఇవి సంస్కృతి అధ్యాయంలో ఉంటాయి గానీ సాహిత్య చరిత్రలో రావు. మన రచనల్ని వంటింటి సాహిత్యం అని పక్కన పెట్టిన విమర్శకుడూ, పలంపోర్‌ని అలంకరణ అన్న క్యూరేటరూ ఒకే బడిలో చదువుకున్నారు.

ఈ గీత తెల్ల స్త్రీలనీ కోసింది. ఇదే మ్యూజియం సేకరణలో ఎలిజబెత్ పార్కర్ అనే పేదింటి పిల్ల సుమారు 1830లో కుట్టిన గుడ్డ ఉంది. నేను దాన్ని ఫొటోల్లోనే చూశాను. పువ్వుల్లేవు, అంచుల్లేవు. తెల్ల గుడ్డ మీద ఎర్ర దారంతో చిన్న చిన్న అక్షరాలు, పై నుంచి కింది దాకా. పనిమనిషిగా చేరిన ఇంట్లో యజమాని పెట్టిన హింస, చచ్చిపోవాలన్న తలంపు, దేవుడితో మొర, అన్నీ కుట్టింది. చివర వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది. ఆమె బతికిందనీ, తర్వాత టీచరుగా పనిచేసిందనీ పరిశోధకులు తేల్చారు. ఇది ఆత్మకథ కాకపోతే ఏది ఆత్మకథ? సిరాతో రాసుంటే గ్రంథాలయంలో ఉండేది. దారంతో రాసింది గనక బట్టల విభాగంలో ఉంది.

విలియం మోరిస్ ప్రింట్లు ఆ మ్యూజియం అంగడిలో సంచుల మీదా కప్పుల మీదా కనిపిస్తాయి. ఆయన కూతురు మే మోరిస్ 1885లో ఇరవై మూడేళ్ళకే ఆ కంపెనీ ఎంబ్రాయిడరీ విభాగం నడిపింది. ఆమె డిజైన్లు ఎన్నో చాలాకాలం తండ్రి పేరు మీదే చెలామణీ అయ్యాయి. చేతిపనివాళ్ళ సంఘంలో ఆడవాళ్ళకి సభ్యత్వం ఇవ్వకపోతే 1907లో తనే స్త్రీల కళాసంఘం పెట్టింది. సోషలిస్టు మోరిస్ ఇంట్లోనే ఇది జరిగితే కంపెనీ దొరల గురించి చెప్పేదేముంది?

ఇప్పుడు మన వైపు చూద్దాం. "మనదే, దొంగలు ఎత్తుకొచ్చారు" అన్నాడు ఆయన. దోచుకొచ్చినవి తిరిగి ఇవ్వాలన్న డిమాండుతో నాకు పేచీ లేదు. టిప్పు పులి అక్కడ ఉండటానికి ఏ న్యాయమూ లేదు. కానీ "మనది" అన్న మాటలో ఎవరున్నారు? పలంపోర్‌లు చాలావరకు డబ్బిచ్చి కొన్నవి. వాళ్ళు నమూనాలు పంపితే మన దగ్గర గీశారు, మధ్యలో మన దళారులు కమీషను తిన్నారు. ఆ బట్ట రేపు విమానంలో హైదరాబాదు వస్తుందనుకోండి. ఏ గదిలో పెడతాం, ఏమని రాస్తాం?

మన సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళి చూడండి. 1951లో మొదలై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది. అదీ అలంకరణ కళల పెద్ద భాండాగారమే. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు వెళ్ళానో. అక్కడ జనం ఎక్కువగా మూగేది గంటల గడియారం ముందూ, ముసుగు రెబెకా ముందూ. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి స్త్రీని మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నాడు. రాతిలో పల్చటి ముసుగు కనిపించేలా చెక్కడం ఎంత గొప్పో గైడ్లు చెబుతారు. నిజంగానే గొప్ప. రాతిలో బట్టని చెక్కిన మగవాడి పేరు మనకి కంఠోపాఠం. నిజం బట్టని, ఉంగరంలోంచి దూరేంత సన్నగా వడికిన ఆడదాని పేరు అక్కర్లేదు. ఆ గదిలోంచి ఈ గదిలోకి వస్తే పాలకుడు మారతాడు, అట్ట ముక్క మారదు.

కాబట్టి నేను అడిగేవి రెండు. మ్యూజియాల్ని అడిగేది: లేని పేర్లు కల్పించమనడం లేదు. ఉన్న ఖాళీని ఖాళీగా చూపించండి. "కోరమాండల్ తీరం" అని సర్దేయకుండా, దీన్ని వడికినవాళ్ళ, నేసినవాళ్ళ, గీసినవాళ్ళ, ఉతికినవాళ్ళ పేర్లు కొన్నవాళ్ళు రాసుకోలేదు అని రాయండి. చేసిన పనులన్నిటికీ క్రియలు రాయండి, ఉతకడంతో సహా. కొనుక్కున్నవాడి బాధ్యత కూడా అట్ట మీదికి ఎక్కనివ్వండి.

రెండోది మనల్ని. మనం రచయిత్రులం, అధ్యాపకులం, చేతిలో కలం ఉన్నవాళ్ళం. కలానికి దక్కిన గౌరవంలో మనకీ వాటా ఉంది, అందుకే జాగ్రత్త పడాలి. 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, కూర్చుని, అడిగి, విని రాశారు. దస్తావేజుల్లో లేరు అని చేతులు దులుపుకోలేదు. పెడనలో, శ్రీకాళహస్తిలో, పొందూరులో, చీరాలలో పని చేస్తున్న ఆడవాళ్ళు ఇవాళ బతికే ఉన్నారు. మూడు వందల ఏళ్ళ కిందటి పేర్లు మన చేతిలో లేవు, ఇప్పటి పేర్లు ఉన్నాయి. ఇవి కూడా రాసుకోకపోతే రేపు మన మనవరాళ్ళు ఇంకో అద్దం ముందు నిలబడి ఇదే అడుగుతారు. అప్పుడు తప్పు కంపెనీ మీద పెట్టే వీలుండదు.

ఇంతా రాశాక ఒక సిగ్గుపడాల్సిన విషయం. ఆ రోజు ఆ పిన్నిగారి పేరు నేను అడగలేదు. ఊరడిగాను. బందరు పక్కన అంది. సరే అనుకున్నాను. అంటే నేను కూడా నా పుస్తకంలో ఒక తీరం పేరు రాసుకుని వచ్చాను.